విపస్సనా, రమణుల విచారణ, శ్వాస మీద ధ్యాస, హార్ట్‌ఫుల్‌నెస్, క్రియ: వీటిలో మీకు ఏది కుదురుతుంది?

పోయిన నెల మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసి "అక్కా, ధ్యానం మొదలుపెడదామనుకుంటున్నా, వీడియోలు చూసీ చూసీ బుర్ర తిరిగిపోతోంది, ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు, నువ్వు ఒక్కటి చెప్పు అదే చేస్తా" అంది. నేను వెనకాముందూ చూడకుండా "పది రోజులు విపస్సనాకి వెళ్ళిరావే" అనేశాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, దానికి మూడేళ్ళ పాప ఉంది, మా మరిదిది షిఫ్ట్ డ్యూటీ, పది రోజులు ఫోన్ కూడా లేకుండా అది ఎక్కడికెళ్తుంది? నాకు పనిచేసింది కాబట్టి దానికీ అదే అనుకోవడం నా పొరపాటు. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి గంటన్నర మాట్లాడాను, ఆ మాట్లాడినదే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా, ఇదే ప్రశ్నతో చాలామంది ఉన్నారు కాబట్టి.

నేను గురువుని కాదు. విజయవాడలో అకౌంట్స్ పని చేసుకుంటూ పన్నెండేళ్ళుగా కూర్చుంటున్న మనిషిని, అంతే. ఇక్కడ చెప్పే అయిదు దారుల్లో రెండు నేను ఏళ్ళ తరబడి చేసినవి (విపస్సనా, ఆత్మ విచారణ), ఒకటి కొన్ని నెలలు చేసింది, మిగతా రెండూ మా ఇంట్లోవాళ్ళు, దగ్గరివాళ్ళు చేస్తుంటే పక్కనుంచి చూసినవి. కాబట్టి మొదటి రెంటి గురించి ఎక్కువ రాస్తాను, మిగతావాటి గురించి తక్కువ. తక్కువ రాశాను కాబట్టి అవి తక్కువని కాదు, నాకు తెలిసింది అంత.

ముందు మీకు ఏం కావాలో తేల్చుకోండి. నిద్ర పట్టడానికా, టెన్షన్ తగ్గడానికా, లేక "అసలు నాలో ఏం జరుగుతోంది, నేను ఎందుకిలా ఉన్నాను" అన్నది మీ అంతట మీరు చూసుకోడానికా? మొదటిది కావాలనుకోవడంలో తప్పేం లేదు, దానికి పొద్దున్నే అరగంట నడక, రాత్రి ఒక యోగనిద్ర ఆడియో చాలామందికి సరిపోతాయి. యోగనిద్ర అంటే బీహార్‌లో ముంగేర్ ఆశ్రమం పెట్టిన స్వామి సత్యానంద సరస్వతి గారు తయారుచేసిన పద్ధతి, వెల్లకిలా పడుకుని ఆ గొంతు చెప్తున్న ప్రకారం ఒంట్లో ఒక్కో భాగం మీదకి మనసుని తిప్పుకుంటూ పోతాం, నిద్రపోవద్దని అంటారు గానీ మొదట్లో అందరం నిద్రపోతాం, ఫరవాలేదు. నేను రాసేది రెండో రకం వాళ్ళ కోసం.

పతంజలి యోగసూత్రాల్లో, ఏదైనా సరిగ్గా తెలుసుకోవాలంటే మూడు ప్రమాణాలు అంటాడు: ప్రత్యక్షం, అనుమానం, ఆగమం. అంటే మనం స్వయంగా చూడటం, పొగని బట్టి నిప్పుందని పోల్చుకోవడం, తెలిసినవాళ్ళు చెప్తే నమ్మడం. చిత్రం ఏంటంటే మన గురించి మనకి తెలిసిందంతా దాదాపు మూడోదే. "నువ్వు చాలా ఓపికమంతురాలివి" అని అమ్మ అంది, అత్తగారు అన్నారు, ఆఫీసులో అన్నారు, నేను నమ్మేశాను, ముప్ఫై ఏళ్ళు దాటిపోయినా అలాగే నమ్ముతూ వచ్చాను. ప్రవచనాలూ అంతే, దేహం నేను కాదు, మనసు నేను కాదు అని వందసార్లు విన్నాం, తల ఊపాం, ఇంటికొచ్చాక కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే ఆ పూటంతా మొహం మాడ్చుకున్నాం. విన్నది అబద్ధమని కాదు, అది ఇంకొకళ్ళు చూసి చెప్పింది, మనం చూసింది కాదు. అందుకే ఏ దారి గురించి విన్నా నేను చూసేది ఒక్కటే: ఇది నన్ను నమ్మమంటోందా, ఊహించుకోమంటోందా, చూడమంటోందా? మూడూ మూడు రకాల మనుషులకి పనికొస్తాయి, కానీ తేడా తెలిసి దిగాలి.

పది రోజుల విపస్సనా

ఇది చూడమనే దారి, అదీ ఒంట్లో. ఈ కోర్సు మనకి తెచ్చిన గోయెంకా గారు బర్మాలో, మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి, విపరీతమైన మైగ్రేన్ ఉండేది, మార్ఫిన్ ఇంజెక్షన్ల దాకా వెళ్ళింది. 1955లో అక్కడ ధ్యానం నేర్పే ఉ బా ఖిన్ గారి దగ్గరకి వెళ్తే ఆయన "తలనొప్పి తగ్గించుకోడానికైతే రావద్దు, మనసు శుభ్రం చేసుకోడానికైతే రా" అన్న అర్థంలో చెప్పి మొదట ఒప్పుకోలేదట. ఉ బా ఖిన్ గారు స్వతంత్ర బర్మాకి అకౌంటెంట్ జనరల్‌గా చేసినాయన, లెక్కల డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తూనే ధ్యానం నేర్పారు, నేనూ ఆ లెక్కల పనే చేస్తాను కాబట్టి ఈ విషయం నాకు చాలా ధైర్యం ఇచ్చింది. గోయెంకా గారు 1969లో ఇండియా వచ్చి నేర్పడం మొదలుపెట్టారు, 1976లో ఇగత్‌పురి సెంటర్ వచ్చింది, 2013లో ఆయన పోయారు, ఇప్పటికీ ఆయన గొంతు రికార్డింగుల మీదే కోర్సు నడుస్తుంది. మనకి దగ్గర్లో హైదరాబాద్ వనస్థలిపురం వైపు ధమ్మ ఖేత్త, నాగార్జునసాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ ఉన్నాయి. అమెరికాలో ఉన్నవాళ్ళకి మసాచుసెట్స్‌లో 1982 నుంచి సెంటర్ ఉంది, ఇప్పుడు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి.

పొద్దున నాలుగింటికి గంట కొడతారు, నాలుగున్నరకి కూర్చోవాలి, రాత్రి తొమ్మిది దాటాక పడక. రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవడమే. ఫోన్ మొదటిరోజే తీసుకుని దాచేస్తారు, పుస్తకం లేదు, పెన్ను లేదు, పక్కవాళ్ళతో మాట కాదు కదా సైగ కూడా చెయ్యకూడదు, దాన్ని ఆర్య మౌనం అంటారు. పదకొండింటికి భోజనం, సాయంత్రం అయిదింటికి కొత్తవాళ్ళకి టీ, పళ్ళు, ఇక రాత్రి భోజనం ఉండదు. ఆడవాళ్ళు మగవాళ్ళు వేరువేరుగా ఉంటారు, భార్యాభర్తలు కలిసి వెళ్ళినా సరే. డబ్బు ఒక్క రూపాయి తీసుకోరు, కోర్సు పూర్తిచేసినవాళ్ళు తర్వాతివాళ్ళ కోసం ఇష్టమైతే ఇవ్వొచ్చు. ఇంకొకటి, ఆ పది రోజులూ పూజ, జపం, మంత్రం, వేరే ధ్యానం అన్నీ పక్కన పెట్టమంటారు, జపమాలలు, తాయెత్తులు తీసుకురావద్దంటారు. రోజూ దీపం పెట్టకపోతే మనసు ఒప్పని వాళ్ళు ఇది ముందే ఆలోచించుకోవాలి, అక్కడికెళ్ళాక గొడవ పడకూడదు.

మొదటి మూడు రోజులూ ఊపిరి ఒక్కటే, ముక్కు దగ్గర, పై పెదవి మీద. నాలుగో రోజు మధ్యాహ్నం అసలు విపస్సనా చెప్తారు, తల నుంచి కాళ్ళ దాకా ఒంట్లో ఏ సంవేదన ఉంటే దాన్ని చూడటం, మంచిదైతే పట్టుకోకుండా, చెడ్డదైతే తోసెయ్యకుండా. అక్కణ్ణుంచి రోజుకి మూడుసార్లు గంటసేపు చేతులు, కాళ్ళు, కళ్ళు కదపకుండా కూర్చునే ప్రయత్నం చెయ్యాలి, అది అధిష్ఠానం.

నాకు అయిదో రోజు మధ్యాహ్నం రెండున్నర సిట్టింగ్‌లో జరిగింది చెప్తాను. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు, ఎడమ మోకాలు ఎవరో లోపల స్క్రూ తిప్పుతున్నట్టు ఉంది, ఇంకో ఇరవై నిమిషాలు ఉందేమో, కదలకూడదు. చెప్పినట్టే మనసుని తల మీదనుంచి కిందకి దింపుకుంటూ వస్తుంటే దవడ దగ్గర ఆగిపోయింది. పళ్ళు బిగించేసి ఉన్నాను. నొప్పి మోకాల్లో, బిగపట్టింది దవడ. చెవి కింద నుంచి మెడ దాకా ఒక ఇనపచువ్వ పెట్టినట్టు గట్టిగా, వేడిగా. చూస్తూ ఉన్నాను. అప్పుడు అనుకోకుండా మా నాన్న చనిపోయిన ఏడాదిలో జరిగిన పొలం పంపకం రోజు గుర్తొచ్చింది, అన్నయ్య "నీకేం తక్కువ, ఉద్యోగస్తురాలివి" అన్నాడు, నేను నవ్వి సంతకం పెట్టాను, అందరూ ఎంత ఓపికో అన్నారు. ఆ రోజు కూడా ఈ దవడ ఇలాగే బిగుసుకుంది, అచ్చం ఇలాగే. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ బిగింపు నాకు తెలుసు, అంతే. ఓపిక అని ఇన్నేళ్ళూ అందరూ అన్నది, నేను అనుకున్నది, పళ్ళు బిగబట్టుకోవడం. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోకూడదు కదా చేతులు కదపకూడదు, అలాగే మెడ మీదకి జారాయి. కాసేపటికి ఆ ఇనపచువ్వ దానంతటదే కరిగి సన్నగా అయిపోయింది, మోకాలి నొప్పి మాత్రం గంట కొట్టేదాకా అలాగే ఉంది.

ఈ దారి బలం ఇదే, మీ ఒంట్లో ఉన్నది తప్ప ఇంకేం చూపించదు, కాబట్టి మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోడానికి చోటు తక్కువ. బలహీనత కూడా చెప్పాలి, ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట చెయ్యమంటారు, చాలామందికి కుదరదు, నెల తిరిగేసరికి ఆపేస్తారు, ఆపేశాం అని మనసులో పీకుతూ ఉంటుంది. నేను మొదటి ఏడాది పొద్దున గంట ఒక్కటే నిలబెట్టుకోగలిగాను. ఇంకా ముఖ్యమైన మాట, డిప్రెషన్ బాగా ముదిరినవాళ్ళు, బైపోలార్‌కి గానీ లేనివి కనిపించడం వినిపించడం లాంటి వాటికి గానీ మందులు వాడుతున్నవాళ్ళు దయచేసి ఈ పది రోజుల కోర్సుకి సొంత నిర్ణయంతో వెళ్ళకండి. అప్లికేషన్‌లో వాళ్ళు అడుగుతారు, దాచకండి. ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి, ధ్యానం కోసం మందులు మాత్రం ఆపొద్దు. మనసు బాగా అతలాకుతలంగా ఉంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు.

అరుణాచలం దారి: నేనెవరు

1896లో మదురైలో చిన్నాన్న ఇంటి మేడ మీద పదహారేళ్ళ కుర్రాడికి (తర్వాత రమణ మహర్షి అయింది ఈయనే), ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, ఉన్నట్టుండి చచ్చిపోతున్నాననే భయం పట్టుకుంది. డాక్టర్‌ని పిలవలేదు, పెద్దవాళ్ళని పిలవలేదు, శవంలా బిగుసుకుని పడుకుని, ఊపిరి బిగబట్టి, సరే చావు వచ్చింది, ఈ ఒళ్ళు పోతుంది, దాంతోపాటు నేను పోతానా అని లోపలికి చూశాడు. ఒళ్ళు పోయినా పోనిదేదో తనకి అక్కడే తెలిసింది. ఆరువారాల్లోనే, సెప్టెంబర్ 1న, తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం చేరి, 1950లో దేహం వదిలేదాకా ఆ కొండ దాటి వెళ్ళలేదు. శాస్త్రాలు తర్వాత చదివారు, చదివితే తాను చూసిందే వాళ్ళు రాశారని అర్థమైందట. ప్రత్యక్షం ముందు, ఆగమం తర్వాత. నాకు రమణుల మీద అంత నమ్మకం కుదరడానికి కారణం ఇదే.

మన తెలుగువాళ్ళకి ఆయన బాగా దగ్గరివాడు. ఆయనకి భగవాన్ రమణ మహర్షి అని 1907లో పేరుపెట్టింది బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని గారే. తెలుగు భక్తులతో ఆయన తెలుగులోనే మాట్లాడేవారు. 1950లో చలం గారు విజయవాడ వదిలి వెళ్ళి చివరిదాకా అక్కడే ఉండిపోయారు.

ఆయన చెప్పిన ఆత్మ విచారణ పద్ధతి వినడానికి చాలా చిన్నది. ఒక ఆలోచన వచ్చింది, ఇది ఎవరికి వచ్చింది? నాకు. ఆ నేను ఎవరు, ఎక్కణ్ణుంచి లేస్తోంది? అని ఆ నేను అనే భావన వైపు తిరగడం. సమాధానం చెప్పుకోవడం కాదు, మంత్రంలా నేనెవరు నేనెవరు అని జపించడం అసలు కాదు, ఆ మాట ఆయనే చెప్పారు. కోర్సు లేదు, దీక్ష లేదు, రోజుకి ఇన్ని నిమిషాలని లేదు, రమణాశ్రమంలో మీకు ఎవరూ క్లాసు చెప్పరు. ముందే రాసి అడిగితే కొన్ని రోజులు ఉండనిస్తారు, ఆకులో భోజనం పెడతారు, రేటంటూ ఏమీ ఉండదు. మిగతాది మీదే.

నేను మొదటిసారి అమ్మని తీసుకుని పౌర్ణమికి వెళ్ళాను, పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఆ జనంలో చెయ్యడంతోనే అయిపోయింది, కూర్చోవడం కుదరలేదు. మీరు కూర్చోడానికి వెళ్తుంటే పౌర్ణమి, కార్తీక దీపం కాకుండా మామూలు రోజుల్లో వెళ్ళండి. రెండోసారి అలాగే వెళ్ళి పాత హాల్లో ఆయన కూర్చున్న సోఫా ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాను, బయట నెమళ్ళు అరుస్తున్నాయి, నా బుర్రలో మాత్రం అన్నయ్య, పొలం, నాకు జరిగిన అన్యాయం. విపస్సనాలో ఆ దవడ చూశాను కదా, బిగింపు తగ్గింది గానీ కథ ఇంకా నడుస్తూనే ఉంది. సరే అడుగుదాం అని అడిగాను, అన్యాయం ఎవరికి జరిగింది? నాకు. ఏ నాకు? ఆ రోజు సంతకం పెట్టిన దానికా, ఇప్పుడు ఇక్కడ కూర్చున్నదానికా? ఇక్కడ కూర్చున్నదానికి ఇప్పుడేం జరగట్లేదు, చల్లటి నేల, గోడ, నెమళ్ళు. మరి బాధపడుతున్నది ఏది అని వెతకబోతే అక్కడ ఏమీ దొరకలేదు, రెండు మూడు క్షణాలు ఖాళీ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మళ్ళీ వెంటనే "అబ్బ దొరికింది" అనే ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది, దాంతో పోయింది. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు ఆ ఖాళీ వచ్చి పోయింది, నేను తెప్పించుకుంటే రాదు.

ఈ దారి ఎవరికి? ప్రశ్నించే బుద్ధి ఉన్నవాళ్ళకి, ఒంటరిగా చేసుకోగలిగినవాళ్ళకి, టైమ్ కేటాయించలేనివాళ్ళకి కూడా, ఎందుకంటే గిన్నెలు తోముతూ, బస్‌లో నిలబడి కూడా చేసుకోవచ్చు. ఎవరికి కాదు అంటే, అప్పటికే తలకాయలో వాదనలు ఎక్కువ ఉన్నవాళ్ళకి మొదట్లో ఇది ఇంకో వాదన అయిపోతుంది. రెండో ప్రమాదం నాకే జరిగింది, "ఇదంతా మిథ్య" అనుకుని ఆరునెలలు అన్నయ్యతో మాట్లాడకుండా తప్పించుకున్నాను, దాన్ని వైరాగ్యం అనుకున్నాను. అది వైరాగ్యం కాదని మళ్ళీ ఒళ్ళే చెప్పింది, ఆయన ఫోన్ నంబర్ స్క్రీన్ మీద కనిపిస్తే దవడ బిగుసుకునేది. ఒకరోజు ఎత్తి "అన్నయ్యా, ఆ రోజు నువ్వన్న మాటకి నాకు చాలా బాధేసింది" అని చెప్పాను. రెండు నిమిషాలు అటునుంచి మాట లేదు. తర్వాత "చెప్పకపోయావా తల్లీ" అన్నాడు. అందుకే నా సలహా ఏంటంటే ముందు శ్వాస గానీ ఒంట్లో సంవేదన గానీ చూడటం అలవాటయ్యాక విచారణ పట్టుకుంటే గట్టిగా నిలబడుతుంది. ఇది నా అభిప్రాయం, నేరుగా విచారణలోకే దిగి బాగా కుదిరినవాళ్ళు కూడా ఉన్నారు.

శ్వాస మీద ధ్యాస

ఈ మాట మన ఊళ్ళల్లో తెలియనివాళ్ళు తక్కువ, దాన్ని ఇంటింటికీ చేర్చింది పిరమిడ్ ధ్యానం వాళ్ళు. సుభాష్ పత్రి గారు ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ 1990లో కర్నూలులో మొదలుపెట్టారు, 2022లో పోయారు, హైదరాబాద్ దగ్గర కడ్తాల్‌లో పెద్ద పిరమిడ్ ఉంది. పద్ధతి: హాయిగా కూర్చుని, కాళ్ళు క్రాస్ చేసి, చేతివేళ్ళు కలిపి, కళ్ళు మూసుకుని, సహజంగా వచ్చే ఊపిరిని చూడటం. మంత్రం లేదు, దేవుడి రూపం లేదు, దీక్ష లేదు, డబ్బు లేదు. ఎంత వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోమంటారు, ముప్ఫై ఏళ్ళ మనిషికి అరగంట, అరవై ఏళ్ళాయనకి గంట. ఈ లెక్క నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఎంతసేపు అనే సందేహమే ఉండదు.

మొదలుపెట్టడానికి ఇంతకన్నా తేలికైనది లేదు, చిన్నపిల్లల తల్లులకీ, ఇల్లు కదలలేనివాళ్ళకీ, కింద కూర్చోలేక కుర్చీలో కూర్చునే పెద్దవాళ్ళకీ ఇదే చెప్తాను. ఒక్క జాగ్రత్త, ఆ కబుర్లలో గత జన్మలు, సూక్ష్మ శరీర యానం, మూడో కన్ను లాంటివి చాలా వినిపిస్తాయి. ఉన్నాయో లేవో నేను వాదించను. మీరు చూడనిదాన్ని చూశామనుకోకండి, పక్కావిడకి రంగులు కనిపించాయట నాకు కనిపించట్లేదే అని దిగులు పడకండి. ఊపిరి చూశారా లేదా, అదే చాలు.

హార్ట్‌ఫుల్‌నెస్, క్రియ

ఈ రెండూ కొంచెం వేరే జాతి, వీటిల్లో ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ఉంటారు. హార్ట్‌ఫుల్‌నెస్ అంటే శ్రీరామచంద్ర మిషన్, 1945లో షాజహాన్‌పూర్‌లో మొదలైంది, ఇప్పుడు హైదరాబాద్ దగ్గర కన్హా శాంతివనంలో లక్షమంది కూర్చునే హాలు కట్టారు. గుండెలో దివ్యమైన వెలుగు ఉందని ఒక చిన్న భావన చేసుకుని అక్కడే ఉండిపోవడం, సాయంత్రం క్లీనింగ్ అని ఆ రోజు మనసుకి అంటిన బరువుని పొగలా వెనకనుంచి వెళ్ళిపోతున్నట్టు వదిలెయ్యడం, ట్రైనర్ ఎదురుగా కూర్చుంటే ప్రాణాహుతి, అంటే వాళ్ళ ద్వారా మనకి చేరే దివ్యశక్తి, అందుతుందని వాళ్ళ నమ్మకం. ఇదీ ఫ్రీనే. మా ఆడపడుచు ఎనిమిదేళ్ళుగా చేస్తోంది, ఆవిడకి సాయంత్రం క్లీనింగే పెద్ద వరం, ఆఫీసు గొడవ ఇంట్లోకి తేవడం ఆగిపోయింది, మేమందరం చూశాం. భక్తి స్వభావం ఉన్నవాళ్ళకి, ఒకళ్ళ తోడు కావాలనుకునేవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులతో గంటలు గంటలు కూర్చోలేనివాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. నాలాగ "ఉందని భావించు" అంటే మనసు ఒప్పనివాళ్ళకి కష్టం, మూడు నెలలు చేశాను, నేను ఊహిస్తున్నానా చూస్తున్నానా అనే ప్రశ్న వదల్లేదు.

క్రియ అంటే ఊపిరితో చేసే యోగ సాధన, లాహిరీ మహాశయుల పరంపర, 1861లో హిమాలయాల్లో ఆయనకి దీక్ష అందిందని చెప్తారు. ఆయన కూడా సంసారి, మిలటరీ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో లెక్కలు చూసే ఉద్యోగి, చూశారా మళ్ళీ అకౌంట్స్. ఆయన శిష్యుల పరంపరలోనే పరమహంస యోగానంద గారు వచ్చి 1917లో యోగదా సత్సంగ సొసైటీ, 1920లో అమెరికాలో ఇంకో సంస్థ పెట్టారు. వాళ్ళ దగ్గర పాఠాలు ఇంటికొస్తాయి, ముందు ఒంటికి సంబంధించిన వ్యాయామాలు, ఊపిరితో చేసే హాంగ్-సా లాంటివి నెలల తరబడి చేశాకే క్రియా దీక్ష. టెక్నిక్ బయట చెప్పకూడదు కాబట్టి నేనూ తెలుసుకునే ప్రయత్నం చెయ్యలేదు. పద్ధతి ప్రకారం సిలబస్‌లా మెట్టు మెట్టు ఎక్కడం ఇష్టమైనవాళ్ళకి, గురువు మీద పూర్తి నమ్మకం పెట్టగలిగినవాళ్ళకి, తొందర లేనివాళ్ళకి ఇది. క్రియ పేరుతో వారాంతంలో వేలకి వేలు తీసుకుని దీక్ష ఇచ్చేస్తాం అనేవాళ్ళ దగ్గరకి వెళ్ళేముందు మాత్రం బాగా ఆలోచించండి. మా దగ్గరి బంధువు ఒకాయన అలా లెవెల్ వన్, లెవెల్ టూ అంటూ ఏడాదిలో దగ్గర దగ్గర లక్ష కట్టాడు, ఇప్పుడు కూర్చోవడమే మానేశాడు. డబ్బు పోయిందని కాదు నా బాధ, ఆ మనిషికి ధ్యానం మీదే నమ్మకం పోయింది.

మరి తేల్చుకోవడం ఎలా

పది రోజులు ఇంటిని ఎవరైనా చూసుకుంటారు, ఒళ్ళు బాగుంది, మనసుకి సంబంధించిన పెద్ద జబ్బు లేదు అంటే ఇంకేం ఆలోచించకుండా విపస్సనాకి అప్లై చెయ్యండి, సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి ముందే చూసుకోండి. తర్వాత జీవితాంతం అదే చెయ్యకపోయినా ఫరవాలేదు, ఆ పది రోజుల్లో చూసింది మీతో ఉంటుంది. పది రోజులు కుదరదు అంటే శ్వాసతో మొదలుపెట్టండి. కూర్చోగానే మనసు ఏడుపుకొస్తోంది, ఒంటరిగా భయం వేస్తోంది అనేవాళ్ళు మనిషి తోడున్న దారి, అంటే ట్రైనర్ ఎదురుగా కూర్చునే పద్ధతి చూసుకోండి, దాంతోపాటు డాక్టర్‌ని కూడా. నైట్ డ్యూటీలు చేసేవాళ్ళు పొద్దున నాలుగింటి లెక్కలు పెట్టుకోవద్దు, మీకు ఏది తెల్లవారో అప్పుడు కూర్చోండి. చదివీ వినీ విసిగిపోయి, ఇంకెవరు చెప్పినా నమ్మబుద్ధి కావట్లేదు అనే స్థితిలో ఉన్నవాళ్ళకి విచారణ అమృతం.

ఏది పట్టుకున్నా కనీసం మూడు నెలలు ఇంకోటి కలపకండి. పొద్దున క్రియ, సాయంత్రం విపస్సనా, మధ్యలో యూట్యూబ్‌లో కొత్త గురువు, ఇలా చేస్తే ఏది ఏం చేసిందో మీకే తెలియదు. పతంజలి కూడా అభ్యాసం దీర్ఘకాలం, మధ్యలో వదలకుండా, శ్రద్ధతో చేస్తేనే గట్టిపడుతుందన్నాడు.

పనిచేస్తోందా లేదా అన్నది కూర్చున్నప్పుడు ఏం కనిపించింది అన్నదాన్ని బట్టి చూడకండి. వెలుగులు, శబ్దాలు, ఒళ్ళు తేలిపోవడం, అన్నీ వస్తాయి పోతాయి, యోగానికి అడ్డాలు తొమ్మిది చెప్తూ అందులో భ్రాంతి దర్శనం అని ఒకటి చేర్చాడు పతంజలి. ఇంట్లో చూడండి. కోపం వచ్చాక తెలియడం అందరికీ ఉంది, వస్తుండగా తెలుస్తోందా? ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా వింటున్నారా, లేక మీ జవాబు లోపల రెడీ చేసుకుంటున్నారా, ఆ రెడీ చేసుకోవడం మీకు కనిపిస్తోందా? మీ గురించి మీరు ఇన్నాళ్ళూ నమ్మిన ఒక్క మంచి మాటైనా తప్పని తేలిందా? నాకు తెలిసి ఇంతకన్నా మంచి కొలత లేదు. అది తేలినప్పుడు చాలా బాధగా ఉంటుంది, కొన్ని రోజులు మనసు మనసులో ఉండదు, ఆ సమయంలోనే ఎక్కువమంది మానేస్తారు. ఆ వారం మాత్రం మానకండి, కావాలంటే టైమ్ సగానికి తగ్గించండి.

మా చెల్లెలు శ్వాస పట్టుకుంది. వయసు ముప్ఫై నాలుగు కాబట్టి ముప్ఫై నాలుగు నిమిషాలు చెయ్యాలి గానీ పాప అయిదున్నరకే లేస్తుంది, ఇరవై నిమిషాలు దొరుకుతున్నాయి, అంతే చెయ్యమన్నాను. నిన్న రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, పాప పాలగ్లాసు ఒలకబోసింది, అరుపు పొట్టలోంచి గొంతు దాకా రావడం తెలిసిందే నాకు, ఇక్కడిదాకా వచ్చింది అని తెలుస్తూనే ఉంది, అయినా అరిచేశాను" అంది, గొంతులో ఏడుపు. మొదటి నెలలోనే ఆ అరుపు గొంతు దాకా రావడం కనిపించిందంటే చాలా పెద్ద విషయమే అని చెప్పాను, నాకైతే దానికి అయిదు రోజులు మౌనంగా కూర్చోవాల్సి వచ్చింది. వచ్చే వేసవికి వాళ్ళ అత్తగారు వచ్చి పాపని చూసుకుంటానన్నారట, ఏలూరు సెంటర్‌కి ఫారం ఎలా నింపాలో రేపు ఆదివారం ఇద్దరం కూర్చుని చూస్తాం.